గోడ మీద ఎవరి కథ?

ఉత్తర తెలంగాణ పట్టణాల్లో ఇప్పుడు ఖాళీ గోడ దొరకడం కష్టం. స్వచ్ఛ సర్వేక్షణ్ మార్కుల కోసం మున్సిపాలిటీలు వేయించిన బొమ్మలు, పట్టణ ప్రగతి పేరుతో రాయించిన నినాదాలు, ఫ్లైఓవర్ల కింద బతుకమ్మ, ఆఫీసుల ప్రహరీల మీద మొక్క నాటే చేతులు. కరీంనగర్ 2017లో స్మార్ట్ సిటీల జాబితాలో చేరింది. ఆ మిషన్ గడువు 2025 మార్చి 31తో ముగిసింది. రోడ్లు, పార్కులు, వాటి చుట్టూ వేసిన రంగులు మిగిలాయి. ఆ రంగులు కూడా ఎండకు ఒక్కొక్కటిగా వెలిసిపోతున్నాయి.

బడుల సంగతీ అంతే. 2022 మార్చి 8న మొదలైన ‘మన ఊరు మన బడి’ కింద 26,065 ప్రభుత్వ పాఠశాలలకు 7,289 కోట్ల రూపాయలతో 12 రకాల పనులు చేయాలని అప్పటి ప్రభుత్వం తలపెట్టింది. ఆ పన్నెండింటిలో బడికి రంగులు వేయడం ఒకటి. మరుగుదొడ్లు, తాగునీరు, కరెంటు ముందు కావాలని మేమూ అంటాం, రంగులు వద్దని మాత్రం అనం. మా ప్రశ్న వేరే. ఆ రంగులేసిన చేతుల్లో ఆ బడి పిల్లల చేతులు ఎన్ని? కాంట్రాక్టరు మనుషులొచ్చారు, సెలవుల్లో వేసి వెళ్లిపోయారు. పిల్లలు తిరిగొచ్చేసరికి గోడ తయారుగా ఉంది. గోడ పిల్లలదే, దాని మీది బొమ్మతో వాళ్లకు సంబంధం లేదు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, పట్టణాల్లో మొదలైన ఈ గోడ బొమ్మల ఇష్టం మన సంఘాల దాకా రావడం సహజం. యవనస్థుల కూడికలో ఎవరో ఒకరు లేచి, హైదరాబాద్ నుంచో బెంగళూరు నుంచో ఒక చిత్రకారుణ్ణి పిలిపించి మన మందిరం ప్రహరీ మీద పెద్ద బొమ్మ వేయించుకుందాం, పిల్లలకూ నేర్పుతాడు అంటారు. మంచి మాటే. పాస్టరేట్ కమిటీలో ముందు ఖర్చు మాట వస్తుంది, తర్వాత ఏ బొమ్మ అనే మాట వస్తుంది. ఎవరు గీస్తారు, ఎవరి సంగతి గీస్తారు, ఆ వచ్చినాయన వెళ్లిపోయాక ఏం మిగులుతుంది అనే మూడు ప్రశ్నలు మాత్రం అంత తొందరగా రావు. వాటి గురించే ఈ వారం.

ముందు ఒక మాట. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో గోడ ఎన్నడూ ఉత్త గోడ కాదు. మన అమ్మమ్మలు పండుగ ముందు ఎర్రజాజు కలిపి, అంచుకు తెల్లసున్నంతో పట్టీలు గీసేవారు. వాకిట్లో సాన్పి చల్లి ముగ్గు పెట్టడం వాళ్లకు రోజూ చేసే చిత్రకళ. దానికి ఆ పేరు ఎవరూ పెట్టలేదు, అంతే. ఆ తర్వాత ఇవే గోడల మీద ఎర్ర అక్షరాలు వచ్చాయి. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర, ఆ వెంటనే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించడం, 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద కాల్పులు. ఆ రోజుల్లో పెరిగినవాళ్లకు గోడ మీద రాత అంటే ఒళ్లు జలదరించే విషయం. రాత్రి ఎవరో రాసేవారు, తెల్లారితే ఆ ఇంటి యజమానే భయంతో సున్నం పూసి చెరిపేవాడు. రాసినవాడికీ చెరిపినవాడికీ మధ్య నలిగినవాళ్లు మన సంఘాల్లోనూ ఉన్నారు. తెలంగాణ ఉద్యమం నాటికి అవే గోడలు మళ్లీ మాట్లాడాయి, ఈసారి అంత భయం లేకుండా.

ఇది మరిచిపోయి, గోడ అంటే అందం కోసం రంగు పూసే పలక అనుకుంటే, మన పెద్దవాళ్లు ఒక గోడ బొమ్మ మాట ఎత్తగానే ఎందుకు వెనకాడతారో యువకులకు అర్థం కాదు. ‘మనకెందుకురా గోడల మీద రాతలు’ అని ఒక ముసలాయన అంటే అది చాదస్తం కాకపోవచ్చు. ఆయన చూసింది వేరు.

గోడల మీద రాయడంలో మనమూ తక్కువ తినలేదు. హైవేల పక్క బండరాళ్ల మీద, వంతెనల స్తంభాల మీద, అడగని వాళ్ల గోడల మీద వాక్యాలు రాయించిన చరిత్ర తెలుగు సంఘాలది. బహిరంగ ప్రదేశాలను పాడుచేయడాన్ని నిషేధిస్తూ 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో చట్టమే వచ్చింది. పార్టీలకూ సినిమా పోస్టర్లకూ వర్తించినట్టే అది మనకూ వర్తిస్తుంది. అనుమతి అడిగి రాయడం పిరికితనం కాదు, పొరుగువాడి గోడ పొరుగువాడిదేనని ఒప్పుకోవడం.

ఆ వాక్యాలు రాసిన చేతుల్ని కూడా ఒకసారి తలుచుకోవాలి. ఫ్లెక్సీ రాకముందు ప్రతి పట్టణంలో ఇద్దరు ముగ్గురు బోర్డులు రాసే ఆర్టిస్టులు ఉండేవారు. కిరాణా కొట్టు బోర్డు, సినిమా హాలు బ్యానరు, ఎన్నికల గుర్తు, లారీ వెనక రాత, మందిరంలో బలిపీఠం పైన కొత్త సంవత్సరపు వాగ్దానం, అన్నీ వాళ్లవే. దారానికి సుద్ద పూసి గోడకు ఆనించి లాగి వదిలితే తిన్నటి గీత పడేది. దాని మీద చెయ్యి వణక్కుండా ‘క్ష’ రాసేవారు. ఫ్లెక్సీ మిషన్లు వచ్చాక వాళ్లలో కొందరు ఇళ్లకు రంగులేసే పనికి, కొందరు గల్ఫ్‌కు వెళ్లారు. నగరం నుంచి చిత్రకారుణ్ణి పిలిచే ముందు మన గల్లీలోనే అలాంటి ఒక చెయ్యి ఖాళీగా ఉందేమో వెతికే కమిటీలు ఎన్ని ఉంటాయో మాకు అనుమానమే.

అయితే బయటి నుంచి వచ్చే గురువు అవసరమే లేదని మేము అనడం లేదు. తెలుగువాళ్ల ఆధునిక చిత్రకళ ఒక రకంగా అతిథి గురువులు మొదలుపెట్టిందే. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాలుగా వచ్చిన ఇంగ్లీషాయన ఆస్వాల్డ్ కూల్డ్రే తన దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో దామెర్ల రామారావును, అడివి బాపిరాజును గుర్తించాడు. కాలేజీ పాఠాలకు బయట వాళ్ల చేత బొమ్మలు వేయించాడు, చుట్టూ ఉన్న ఊళ్లనూ మనుషులనూ చూడమన్నాడు. రామారావును బొంబాయి చిత్రకళా పాఠశాలకు పంపించాడు. ఆ తర్వాత జరిగిందే ముఖ్యం. రామారావు బొంబాయిలో ఉండిపోలేదు. తిరిగొచ్చి రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి ఇతరులకు నేర్పాడు. 1925లో మశూచికంతో ముప్పై ఏళ్లు నిండకుండానే పోయాడు. అయినా ఆయన పెట్టిన బడి, ఆయన పేరున ఉన్న చిత్రశాల ఆ ఊళ్లో నిలిచాయి. కూల్డ్రే వెళ్లిపోయాక మిగిలింది ఆయన బొమ్మలు కావు, నేర్పగలిగే మరో మనిషి.

కరీంనగర్ వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ తోట వైకుంఠం. 1942లో అప్పటి కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాద్‌లో చదివి, బరోడాలో కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర నేర్చుకున్నారు. సుబ్రమణ్యన్ కేరళలో పుట్టినవాడు, శాంతినికేతన్‌లో తయారైనవాడు, జానపద కళల మీద ఎంతో గౌరవం ఉన్నవాడు. ఆయన దగ్గర చదివి వచ్చిన వైకుంఠం గీసింది బరోడానూ కాదు, కేరళనూ కాదు. పెద్ద బొట్టు, ముక్కుపుడక, పసుపు పూసుకున్న ముఖం, ముతక చీర కట్టిన మన పల్లె ఆడవాళ్లను గీశారు. మంచి గురువు తన చేతిని శిష్యుడికి అంటించడు. శిష్యుడి కళ్లను వాడి ఊరివైపు తిప్పుతాడు. ప్రహరీ బొమ్మ కోసం పిలిచే చిత్రకారుడిలో మేము వెతకమనేది ఈ ఒక్క గుణమే.

ఇది జరగకపోతే ఏమవుతుందో చెప్పే కథ కూడా ఉంది. అది ఆదిలాబాద్‌కు బంధువు వరుసే. మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే పర్ధాన్ గోండుల ఊళ్లో జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే కుర్రవాడు ఇంటి గోడల మీద బొమ్మలు వేసేవాడు. 1980ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ భోపాల్‌లోని భారత్ భవన్ కోసం పంపిన బృందం ఆ గోడలు చూసింది. జన్‌గఢ్‌ను భోపాల్ తీసుకెళ్లారు. గోడ మీది బొమ్మ కాగితం మీదికి, కాన్వాసు మీదికి వచ్చింది. 1989లో పారిస్‌లో ప్రదర్శన, భోపాల్ విధానసభ భవనం మీద చిత్రాలు. ఇంత పేరు వచ్చాక 2001లో జపాన్‌లోని ఒక మ్యూజియంలో పనిచేయడానికి వెళ్లి, అక్కడే ఒంటరిగా ప్రాణం తీసుకున్నాడు. నలభై ఏళ్లు కూడా నిండలేదు. ఆయన చూపిన దారిలో ఆయన కుటుంబం, ఊరివాళ్లు ఎందరో ఇవాళ చిత్రకళతో బతుకుతున్నారు, అదీ నిజమే. ఇందులో తప్పు ఫలానావారిదని తేల్చే పని మేము పెట్టుకోం. కానీ ఒక కుర్రవాడిలో ప్రతిభ చూసి బయటికి తీసుకెళ్లినవాళ్లకు, వాడు ఎక్కడ పడుకుంటున్నాడు, ఎవరితో మాట్లాడుతున్నాడు, తిరుగు టికెట్టు ఉందా అని అడిగే బాధ్యత కూడా ఉంటుంది. సంఘం నుంచి పిల్లల్ని ఎక్కడికైనా పంపే కాపరులకు ఈ మాట కొత్త కాదు. గల్ఫ్‌కు పోయినవాళ్ల తల్లులను అడిగితే ఇంకా బాగా చెబుతారు.

ఆదిలాబాద్‌లో ఇంకో చిక్కుంది. గోండు చిత్రం అనగానే ఫోన్‌లో దొరికేది జన్‌గఢ్ దారిలో వచ్చిన మధ్యప్రదేశ్ శైలి. చుక్కలతో, సన్నటి గీతలతో నిండిన జింక, చెట్టు కొమ్ములు. దాన్ని చూసి ఉట్నూరులోనో జైనూరులోనో గోడ మీద దించితే ఆదిలాబాద్ రాజ్ గోండుల కళను గౌరవించినట్టు కాదు. ఇక్కడి వాళ్లకు తమ సొంత రూపాలు ఉన్నాయి. దండారిలో నెమలి ఈకల కిరీటం పెట్టుకునే గుస్సాడీలు ఉన్నారు. కేస్లాపూర్ నాగోబా జాతరకు గోదావరి నీళ్లు తెచ్చే మెస్రం వంశస్థుల కాలినడక ఉంది. కిక్రీ వాయిస్తూ వంశకథలు చెప్పే పర్ధాన్లు ఉన్నారు. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకున్న మార్లవాయి కనకరాజు 2024 అక్టోబరులో కన్నుమూశారు. ఆయన తన చివరి ఏళ్ల దాకా పిల్లలకు నేర్పిన మనిషి. ఆ ఊళ్లోనే 1940ల్లో హైమన్‌డార్ఫ్ దంపతులు ఉండి గోండు పిల్లల చదువుకు దారి వేశారు. ఎలిజబెత్ హైమన్‌డార్ఫ్ సమాధి ఇప్పటికీ అక్కడ ఉంది. హైమన్‌డార్ఫ్ కూడా అతిథే. ఆయన నడిపిన బడిలో గోండీలోనే వాచకాలు తయారయ్యాయి. అతిథి తన భాషను నెత్తిన రుద్దకపోతే ఎంత పని జరుగుతుందో చెప్పడానికి అదొక్కటి చాలు.

గుస్సాడీ, నాగోబా ఇతరుల మతానికి చెందినవి కదా, వాటి మాట సంఘం పత్రికకు ఎందుకని కొందరు అడుగుతారు. వాటిని మందిరం గోడ మీద వేయమని మేము చెప్పడం లేదు. ఆ ఊరి బడి గోడ మీద ఏం వేయాలో ఆ ఊరివాళ్లు చెప్పాలి. మన యువకులు ఆ పనికి చేయి అందిస్తే మన విశ్వాసం తరిగిపోదు.

మన గోడల దగ్గరికి వద్దాం. మన మందిరాల్లో ఏ ముఖాలున్నాయి? 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగి, ఈమధ్యే నూరేళ్లు నిండిన మెదక్ కెథెడ్రల్‌లో ఆరోహణం, జననం, సిలువ మరణం చూపే మూడు రంగుటద్దాల కిటికీలున్నాయి. అవి ఇంగ్లాండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ పని. 1927లో ఒకటి, 1947లో ఒకటి, 1958లో ఒకటి వచ్చాయి. కరువు రోజుల్లో పోస్నెట్ దొర ఆ కట్టడం పని పెట్టి వేలమందికి అన్నం పెట్టాడని మన తాతలు చెప్పుకున్నారు. రాళ్లు మోసినవాళ్లు మనవాళ్లు, కిటికీలో ముఖాలు మాత్రం అక్కడివి. ఆ కిటికీల్లోంచి పడే వెలుతురు చూసి పరవశించని వాళ్లెవరు! మేమూ అంతే. అయినా ఆ తేడా కనిపించకుండా పోదు. ఇక ఇళ్లలో క్యాలెండరు మీద కనబడే గోధుమ రంగు జుట్టు యేసు షికాగో చిత్రకారుడు వార్నర్ సాల్మన్ 1940లో వేసిన బొమ్మకు నకలు. మన యవనస్థుడి చేతికి బ్రష్ ఇచ్చి ప్రభువును గీయమంటే వాడు గీసేది ఆ ముఖాన్నే, ఎందుకంటే వాడు చూసింది అదొక్కటే.

ఇలా ఉండనక్కర్లేదని మనకన్నా ముందే అనుకున్నవాళ్లున్నారు. గోవాలో 1902లో పుట్టిన ఏంజెలో డ ఫొన్సెకా శాంతినికేతన్‌లో అవనీంద్రనాథ్ ఠాగూర్, నందలాల్ బోస్‌ల దగ్గర నేర్చుకుని, మరియమ్మను చీరలో గీశాడు. సొంత ఊళ్లో వ్యతిరేకత ఎదురై పూనాలో ఒక ఆశ్రమంలో ఉండి పనిచేశాడు. బెంగళూరు దగ్గర జ్యోతి సాహి దశాబ్దాలుగా ఇదే దారిలో పనిచేస్తూ, ఆశ్రమంలా ఒక బడి నడిపి ఎందరికో నేర్పారు. వీళ్ల బొమ్మలన్నీ మాకు నచ్చుతాయని కాదు. కొన్ని మరీ గుడిబొమ్మల్లా ఉన్నాయని మా పెద్దలు విసుక్కున్న సందర్భాలున్నాయి. కానీ ఆ చర్చ జరగాలి. ప్రహరీ బొమ్మ పేరుతోనైనా పిల్లలూ పెద్దలూ కూర్చుని ఆ మాట మాట్లాడుకుంటే, బొమ్మ వేయకముందే సగం మేలు జరిగినట్టు.

మన సంఘాల్లో చాలామందికి తెలియనిది ఇంకొకటి. ఉత్తర తెలంగాణ దళిత కుటుంబాలకు బొమ్మల్లో కథ చెప్పడం మిషనరీలు తెచ్చిన అలవాటు కాదు. డక్కలివాళ్లు పొడవాటి పటం విప్పి, ఒక్కో బొమ్మ చూపుతూ మాదిగల ముందు జాంబపురాణం చెప్పేవారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకి పడగలవాళ్లు ఇలాగే చెప్పేవారు. ఆ పటాలు గీసింది నకాషీలు. చేర్యాలలో ఇప్పటికీ ఆ పని చేసే కుటుంబాలు కొన్ని ఉన్నాయి. నిర్మల్ బొమ్మలు, పొనికి చెక్క, చింతగింజల పొడి ముద్ద గురించి పిల్లలకు బడిలో ఒక పేరా పాఠం ఉంటుంది. తమ తాతల ముందు పటం విప్పిన మనిషి సంగతి ఏ పాఠంలోనూ ఉండదు. పటం పద్ధతి గోడకు సరిగ్గా సరిపోతుంది. ఎర్రటి నేపథ్యం, అడ్డంగా వరసలు, ఒక వరస తర్వాత ఒకటిగా కథ. తప్పిపోయిన కుమారుని కథను అలా నాలుగు వరసల్లో వేయగలిగిన పిల్లలు మన దగ్గర ఉన్నారు. నేర్పేవాళ్లు చేర్యాలలో ఉన్నారు, కరీంనగర్ నుంచి ఒక పూట ప్రయాణం.

ఇక ఎలా చేయాలి అనే విషయం. ఇందులో మేము చూసిన వాటిలో అన్నిటికన్నా పనికొచ్చే పాఠం లాస్ ఏంజెలిస్‌ది. అక్కడ వరదనీరు పోయే కాంక్రీటు కాలువ గోడ మీద జూడీ బాకా అనే చిత్రకారిణి 1976లో పని మొదలుపెట్టింది. మొదటి వేసవిలో ఎనభైమంది దాకా పిల్లలు వచ్చారు. వాళ్లలో చాలామంది పోలీసు కేసుల్లో ఇరుక్కుని, కోర్టు పంపగా వచ్చినవాళ్లు. వేర్వేరు జాతుల పిల్లలు, వీధిలో ఒకరినొకరు చూస్తే కొట్టుకునేవాళ్లు. ఐదు వేసవులు పనిచేశారు, మొత్తం నాలుగు వందలకు పైగా పిల్లలు. గోడ పొడవు 2,754 అడుగులు, అంటే దాదాపు అర మైలు. కాలిఫోర్నియా చరిత్రను పాఠ్యపుస్తకంలో లేనివాళ్ల వైపు నుంచి గీశారు. మూలవాసులు, పొలం కూలీలు, యుద్ధకాలంలో శిబిరాల్లో పెట్టిన జపనీయులు అందులో కనిపిస్తారు. అక్కడ మూడు సంగతులు గమనించాలి. పిల్లలకు కూలి ఇచ్చారు. రంగుకు ముందు చరిత్రకారులను, ముసలివాళ్లను పిలిచి పిల్లల చేత వినిపించారు. బాకా ఒక వేసవితో సరిపెట్టకుండా మళ్లీ మళ్లీ వచ్చింది.

ఫిలడెల్ఫియాలో 1984లో నగరపాలక సంస్థ గోడలు పాడుచేసే పిల్లల్ని పట్టడానికి ఒక విభాగం పెట్టి, జేన్ గోల్డెన్ అనే చిత్రకారిణికి వాళ్లతో మాట్లాడే పని ఇచ్చింది. అదే పెరిగి వేల గోడలకు ఎక్కింది. మన దగ్గర హైదరాబాద్ రాజ్‌భవన్ దాపులోని ఎం.ఎస్. మక్తాలో 2016 నుంచి స్టార్ట్ ఇండియా సంస్థ దేశవిదేశాల చిత్రకారులతో బస్తీ గోడల మీద పెద్ద బొమ్మలు వేయించింది. చూడముచ్చటగా ఉన్నాయి. ఇంకా దగ్గర బల్లార్షా, చంద్రపూర్ స్టేషన్లు. మన తెలుగువాళ్లు ఎందరో ఉండే ఊళ్లు, ఆదిలాబాద్‌కు సరిహద్దు అవతలే. స్థానిక కళాకారులు తాడోబా పులులను, గిరిజన జీవితాన్ని గోడలకెక్కించగా, 2018లో రైల్వే శాఖ అందమైన స్టేషన్లకు పెట్టిన పోటీలో ఆ రెండూ కలిసి మొదటి బహుమతి తెచ్చుకున్నాయి. ఇవన్నీ మంచివే. అయినా మక్తాలో, బల్లార్షాలో ప్రధానంగా తయారైనవాడు చూసేవాడు. లాస్ ఏంజెలిస్ కాలువలో తయారైనవాడు గీసినవాడు. సంఘానికి కావలసింది రెండోదని మా అభిప్రాయం.

అంటే యువకులకు గళ్లు గీసిచ్చి, ఈ గడిలో నీలం, ఆ గడిలో పసుపు అని చెప్పడం నేర్పడం కాదు. గళ్ల పద్ధతి అవసరమే, చిన్న కాగితాన్ని పెద్ద గోడకు పెంచడానికి అంతకన్నా సులువైన దారి లేదు. కానీ ఆ చిన్న కాగితం ఎవరిది అన్నదే తేడా. గోదావరిఖనిలో బొగ్గు బావి దిగిన తాతను అడిగి, సిరిసిల్లలో సాంచె నడిపిన నాన్నను అడిగి, మిడ్ మానేరు నీళ్ల కింద మునిగిన ఊళ్లో మందిరం ఎక్కడ ఉండేదో నాయనమ్మను అడిగి, దుబాయి నుంచి పెట్టెలో వచ్చిన అన్న గురించి వదినను అడిగి ఆ కాగితం తయారైతే అది ఆ సంఘం బొమ్మ. పెద్దలకు ఇక్కడే ఇబ్బంది మొదలవుతుంది. గొర్రెపిల్ల, పావురం, తెరిచిన గ్రంథం అయితే ఎవరూ అభ్యంతరం చెప్పరు. పెట్టె బొమ్మ వేస్తామంటే, మందిరం గోడ మీద శవపేటికా అని అడుగుతారు. మేమైతే వేయనివ్వమంటాం. ఆ వదిన ప్రతి ఆదివారం ఆ గోడ పక్కనుంచే లోపలికి వస్తుంది. ముందు ఆమెను అడగండి, ఆమె వద్దంటే మానేయండి, పాస్టరేట్ కమిటీ వద్దన్నదని మాత్రం మానకండి.

లేఖనంలో ఈ పనికి దగ్గరి మాట నిర్గమకాండంలో ఉంది. ప్రత్యక్ష గుడారం పనికి బెసలేలుకు, అహోలీయాబుకు నైపుణ్యం దొరికిన చోటే, ఇతరులకు నేర్పే బుద్ధి కూడా దొరికిందని ఉంటుంది. చేయగలగడం ఒక వరం, నేర్పగలగడం వేరే వరం, రెండూ పక్కపక్కనే. నెహెమ్యా మూడో అధ్యాయం ఇంకా సరదాగా ఉంటుంది, పేర్ల జాబితా అని మనం దాటేస్తాం కానీ. గోడ కట్టేటప్పుడు చాలామంది ఎవరి ఇంటి ఎదుటి భాగం వారు కట్టుకున్నారు. షల్లూము తన కూతుళ్లతో కలిసి కట్టాడు. తెకోవ ఊరి పెద్దలు మాత్రం భుజం వంచలేదని కూడా రాసిపెట్టారు! రెండున్నర వేల ఏళ్లుగా ఆ పేరు అలాగే ఉంది.

కూతుళ్ల మాట వచ్చింది కాబట్టి, నిచ్చెన ఎక్కేది ఎవరు అన్నది ముందే తేల్చుకోవాలి. లేకపోతే మగపిల్లలు గోడ మీద, ఆడపిల్లలు కింద రంగులు కలుపుతూ, చాయ్ అందిస్తూ మిగులుతారు. సల్వార్‌తో నిచ్చెన ఎక్కడానికి ఏ ఇబ్బందీ లేదు. ముగ్గు పెట్టిన చెయ్యికి పెద్ద గోడ మీద కొలత తప్పదు, కావాలంటే పరీక్షించి చూడండి.

బయటి నుంచి పెద్దమనిషి వచ్చి పిల్లలతో పదిరోజులు గడుపుతున్నప్పుడు, ఎంత పేరున్నవాడైనా, సంఘం నుంచి ఇద్దరు పెద్దలు, వారిలో ఒక స్త్రీ, ఎప్పుడూ అక్కడ ఉండాలి. పిల్లలతో ఒంటరిగా ఎవరినీ వదలకూడదు. 2012 పోక్సో చట్టం సంఘాలకు కూడా వర్తిస్తుంది. ఇది అనుమానం కాదు, మర్యాదస్తుడైన అతిథి దీన్ని తప్పు పట్టడు. తప్పు పట్టేవాణ్ణి పిలవకపోవడమే మంచిది. ఇక మే నెలలో కరీంనగర్, రామగుండం ఎండ సంగతి చెప్పక్కర్లేదు. పొద్దున ఆరు నుంచి తొమ్మిదిన్నర, మళ్లీ సాయంత్రం అయిదు తర్వాత, అంతే పని. విబిఎస్ వేళలను దానికి తగ్గట్టు మార్చుకోవచ్చు. ఇళ్లలో వాడే పెయింట్లలో సీసం పదిలక్షల భాగాల్లో 90కి మించకూడదని 2016 నిబంధనలున్నాయి. డబ్బా మీద అది రాసి ఉందో లేదో చూసి కొనండి, చౌకగా వస్తుందని పాత ఎనామిల్ డబ్బాలు పిల్లల చేతికి ఇవ్వకండి. పడమటి ఎండ తగిలే గోడ మీద రంగు ముందు వెలుస్తుంది. కింద నుంచి తేమ ఎక్కే గోడ అయితే ఒక వానాకాలంతో బొమ్మ పెచ్చులు ఊడుతుంది. ముందు కారే గొట్టం బాగుచేయించాలి, తర్వాతే ప్రైమరు.

అతిథికి ఇచ్చే మొత్తంలో నుంచి కొంత తీసి, గల్లీలో బోర్డులు రాసిన ఆ పాత ఆర్టిస్టును అతని పక్కన సహాయ గురువుగా పెట్టమని మా సలహా. పది రోజుల తర్వాత అతిథి బస్సెక్కుతాడు. మూడేళ్ల తర్వాత బొమ్మలో నీలం వెలిసిపోతే పిల్లలు ఎవరి దగ్గరికి పోవాలో అప్పుడు తెలుస్తుంది. పిల్లలకు, ముఖ్యంగా పని మానుకుని వచ్చేవాళ్లకు, రోజుకు కొంత ఇవ్వండి. స్త్రీల మైత్రి ఒక పూట భోజనం పెట్టగలిగితే పెట్టండి. బొమ్మ అంచున దాత పేరు పెద్దగా, గీసినవాళ్ల పేర్లు చిన్నగా రాసే అలవాటును ఈ ఒక్కసారికి తిప్పి రాయండి.

ఈ వ్యాసం చదివి ఎవరైనా చిత్రకారుడికి వెంటనే ఫోన్ చేద్దామనుకుంటే కొంచెం ఆగండి. గోడ మీది పాత సున్నం పెచ్చులు గీకి, పగుళ్లు సిమెంటుతో పూడ్చి, నీళ్లతో కడిగి ఆరనివ్వాలి. దానికి గురువు అక్కర్లేదు. నాలుగు గీకుడు రేకులు, ఒక తీగ బ్రష్, ముక్కుకు కట్టుకోవడానికి రుమాళ్లు ఉంటే ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మొదలుపెట్టవచ్చు.